బాయి నీళ్ళతో ఏసీ నడిపిన ఎండాకాలం

ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ అందరూ నన్ను ఏసీ మెకానిక్ అనే పిలిచారు. పెళ్ళిచూపుల్లో మా మేనమామ ఒక్కడే "మావాడు కూలింగ్ ఇంజనీర్" అన్నాడు. పిల్ల తండ్రి "అంటే ఐస్‌క్రీం తయారుచేస్తడా?" అని అడిగాడు. సంబంధమైతే కుదిరింది. నేను ఎప్పుడు వాళ్ళింటికి పోయినా ఆయన నా చేతుల వైపే చూసేవాడు.

మొన్న ఈ లైన్లోకి కొత్తగా వస్తున్న ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి ఒక రంగుల కాగితం చూపించారు. నేలలోకి పైపులు దించుతారట. ఎండాకాలం ఆ మెషిన్ ఇంట్లోని వేడిని నేలకు ఇస్తుందట, చలికాలం నేలలోని వేడిని ఇంట్లోకి తెస్తుందట. జియోథర్మల్ హీట్ పంప్.

"సార్, ఇది మన వరంగల్‌కు ఎప్పుడొస్తది?"

"వచ్చి ఎన్నేండ్లో అయింది. ధాన్యం మార్కెట్ వెనక నేనే పెట్టిన."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిటైరైనవాళ్ళు చెప్పేది ఎలా వినాలో ఇంట్లో బాగానే నేర్పినట్టున్నారు, నవ్వకుండా టీ తాగి వెళ్ళిపోయారు.

వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. వచ్చినవి రెండే, రెండూ పైనున్నవాడు రిటైరవడం వల్ల వచ్చినవి. తర్వాతి కాలంలో పెద్ద పెద్ద ప్లాంట్లు నడిపాను, వాటి గురించీ రాయను. అవి కంపెనీవాళ్ళు పుస్తకంలో రాసినట్టే నడిచాయి, నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నదంతా ఒక ఇంట్లో, ఒక ఎండాకాలంలో.

ఉస్తాద్ చెయ్యి

డెబ్బయ్యో దశకం చివర్లో డిప్లొమా పట్టుకుని హన్మకొండ చౌరస్తాలో ఖాదర్ ఉస్తాద్ రిపేరు దుకాణంలో చేరాను. ఉస్తాద్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనితోటి ఏమొస్తది నీకు?"

"థియరీ వస్తది ఉస్తాద్."

"మంచిది. గా కంప్రెసర్ లేపి ఈడ పెట్టు."

థియరీ ప్రకారం అది నలభై కిలోలు. ఎత్తాక థియరీ మీద నమ్మకం కొంత తగ్గింది.

ఉస్తాద్ పనితనం అంతా చేతిలో ఉండేది. "ముల్లు చూడకు మియా, చెయ్యి పెట్టు" అనేవాడు. పైపు మీద అరచెయ్యి ఆనించి లోపల గ్యాస్ ఎంత ఒత్తిడిలో ఉందో చెప్పేవాడు. తర్వాత గేజి తగిలిస్తే దాని ముల్లు కూడా అక్కడే ఆగేది. రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నాడు. ఆ రెండుసార్లూ రీడింగ్ మాత్రం తప్పలేదు.

ఆయనలో ఒక్కటే లోపం. "నాకు తెల్వదు" అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. తెలియనిచోటల్లా "గ్యాస్ తక్కువున్నది" అనేవాడు. ఊళ్ళో సగం ఫ్రిజ్‌లకు ఆ రోజుల్లో లేని గ్యాస్ జబ్బు ఉండేది. ఆ అలవాటు చేతిపనితోపాటు నాకూ అంటింది.

నర్సంపేట రోడ్డులోని ఒక ఐసు ఫ్యాక్టరీకి మేం నెలకోసారి పోయేవాళ్ళం. అక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. ఏసీ అయినా ఫ్రిజ్ అయినా చల్లదనాన్ని పుట్టించవు. హమాలీ పనే చేస్తాయి. లోపలి వేడిని బస్తాలాగా మోసుకుపోయి బయట దించుతాయి. మే నెలలో వరంగల్‌లో ఆ బయట అనే లారీ అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఇంకో బస్తా ఎక్కించాలంటే హమాలీ నడుం విరుగుతుంది. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు మాత్రం వేడిని గాలిలోకి కాకుండా బాయి నీళ్ళలోకి దించేవాళ్ళు. గాలి ఎంత మండినా నేల అడుగున నీళ్ళు సంక్రాంతికి ఎంత చల్లగా ఉంటాయో రోహిణి కార్తెలోనూ ఇంచుమించు అంతే ఉంటాయి. ఖాళీ లారీ అన్నమాట.

ఇంతే విద్య. మీ రంగుల కాగితంలో ఉన్నదీ ఇదే.

చెమట పట్టని పిల్ల

అప్పట్లో ఊళ్ళో కిటికీ ఏసీలు సుబేదారిలో పెద్దాఫీసర్ల బంగళాల్లోనే కనిపించేవి. అందుకే సుతిలి దుకాణం భూషణం సేటు ఇంట్లో ఏసీ చెడిపోయిందని కబురొస్తే నేను నమ్మలేదు. ఆయన దుకాణంలో ఫ్యాన్ కూడా వేసేవాడు కాదు, పురికొస ఉండలు దొర్లిపోతాయని.

ధాన్యం మార్కెట్ వెనక సందులో పాత ఇల్లు, నడుమ వాకిట్లో బాయి. బాయి పక్క గదిలో మంచం మీద ఎనిమిదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది, ఒంటికి తడిచీర చుట్టుకుని. పేరు సుజాత. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు బాగుచేసెటోనివా, చూసిపోయెటోనివా?"

"ఇంతకుముందు ఎవలన్న వచ్చిండ్రా?"

"నలుగురొచ్చిండ్రు. చూసిండ్రు. ఛాయ్ తాగిండ్రు. గ్యాస్ తక్కువున్నదన్నరు."

నేను టూల్‌బాక్స్ కింద పెట్టి, ఛాయ్ వద్దని ముందే చెప్పాను.

ఆ పిల్లకు పుట్టుకతోనే చెమట పట్టదు. చెమట గ్రంథులు లేవు. మనకు ఎండ కొడితే ఒళ్ళు తడిసి చల్లబడుతుంది, ఆమెకు కొట్టిన ఎండ కొట్టినట్టే లోపల ఉండిపోతుంది. పోయిన ఎండాకాలం జ్వరం నెత్తికెక్కి ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో డాక్టరమ్మ, దీనికి మందు లేదు, చల్లగా ఉంచడమే వైద్యం, ఇంకోసారి అంత జ్వరం వస్తే ఏమవుతుందో నేను చెప్పలేను అన్నదట. అప్పటినుంచి శివరాత్రి దాటితే చాలు, తల్లి అనసూయమ్మ అరగంటకోసారి చీర తడిపి పిల్లకు చుట్టేది. వానలు పడేదాకా అదే పని. ఆమె కూర్చుని ఎప్పుడు తినేదో నాకు కనిపించలేదు.

భూషణం సేటు హైదరాబాద్ పోయి ఏసీ తెచ్చింది అందుకే. అది పొద్దున పదకొండు దాకా బ్రహ్మాండంగా పనిచేసేది. పదకొండు తర్వాత బయట ఎండ పెరిగేది, కరెంటు వోల్టేజి తగ్గేది, కంప్రెసర్ గురగురమని ఆగిపోయేది. మళ్ళీ సాయంత్రం ఐదింటికి లేచేది. అంటే ఏసీ అవసరం లేని వేళలన్నీ అది తప్పకుండా డ్యూటీలో ఉండేది.

గ్యాస్ సరిగానే ఉంది. మెషిన్‌లో లోపమేమీ లేదు. నిండిన లారీ, నీరసంగా ఉన్న హమాలీ. నేను వాకిట్లోకి వచ్చి బాయిలోకి తొంగిచూశాను.

"ఏం జూస్తానవ్?" అని లోపలినుంచి సుజాత అరిచింది.

"లారీ."

"బాయిలనా?" అంది. తర్వాత వాళ్ళమ్మతో, "అమ్మా, ఈయన కూడ అంతంతే" అనడం నాకు వినిపించింది.

తోలు లేని మెషిన్

ఏసీని కోసి బాయికి కలుపుదామని ఉస్తాద్‌కు చెప్పాను. "కొత్త మెషిన్ కోస్తవా? దిమాగ్ ఖరాబైందా?" అన్నాడు. మర్నాడు నేను అడగకుండానే రాగిపైపు చుట్ట భుజానికి తగిలించుకుని వచ్చాడు. భూషణం సేటు మాత్రం భయపడ్డాడు.

"కోసినంక చెడిపోతే ఎట్ల తమ్మీ?"

"ఇప్పుడు మంచిగున్నదా సేటూ?"

ఆయన "కొయ్యి" అన్నాడు.

ఏసీ వెనకభాగంలో వేడిని గాలికి వదిలే జాలీనీ ఫ్యాన్‌నూ తీసేశాం. వాటి బదులు వేడి గ్యాస్ పోయే రాగిపైపును ఒక లావు ఇనుపపైపు లోపల దూర్చాం. ఆ రెండింటి మధ్య సందులో బాయి నీళ్ళు పారాలి. నీళ్ళు తోడడానికి చిన్న మోటరు. చెప్పడానికి నాలుగు వాక్యాలు, చెయ్యడానికి రెండు వారాలు.

మోటరు దించే రోజు భూషణం సేటు తల్లి రుక్కమ్మవ్వ నా ముందు నిలబడింది. మడి చీర, చేతిలో రాగి చెంబు.

"నీ మెషిన్ల తోలున్నదా బిడ్డా?"

"ఎందుకవ్వా?"

"నా దేవునికి నీళ్ళు గీ బాయియే. తోలు ముట్టిన నీళ్ళు పనికిరావు. సక్కగ చెప్పు, ఉన్నదా లేదా?"

ఉంది. పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే వాల్వ్‌లో మూత తోలుదే, ఆ రోజుల్లో అన్నిటికీ అంతే. లేదని చెప్తే పని అయిపోయేది. కానీ ఆమె పైపంతా పైకి తీయించి చూసే మనిషిలా కనిపించింది, అందుకని నిజం చెప్పాను. నా నిజాయితీకి ఇలాంటి బలమైన కారణాలే ఉంటాయి. తోలు తీసేసి లారీ ట్యూబు రబ్బరుతో మూత కోశాను. ఆమె దాన్ని వాసన చూసి "కంపు గొడ్తాంది గని తోలు గాదు" అని ఒప్పుకుంది.

ఇంక మిగిలింది, మెషిన్‌లో వెచ్చబడి బయటికొచ్చే నీళ్ళు ఎక్కడ పొయ్యాలనేది. ఐసు ఫ్యాక్టరీలో పక్క పొలంలోకి వదిలేవాళ్ళు. ఇక్కడ భూషణం సేటు ఒక్క మాట అన్నాడు, "చుక్క నీళ్ళు మోరీల పోవద్దు తమ్మీ. ఎండకాలం." ఏప్రిల్‌లో వరంగల్‌లో నీళ్ళు పారబోస్తే పాపం తగుల్తుందని నేనూ నమ్మేవాణ్ణే. తీసిన బాయిలోకే తిరిగి వదిలేలా పైపు పెట్టాను. వృథా లేదు, మోరీ కాల్వలో పారేది లేదు, ఎవరితో మాటా లేదు. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. ఉస్తాద్ ఆ పైపును కాసేపు చూశాడు. ఏదో అడగబోయినట్టే ఉన్నాడు గానీ, అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది కదా. "బహుత్ ఖూబ్" అని మెచ్చుకున్నాడు.

మొదటి మధ్యాహ్నం పన్నెండింటికి స్విచ్ వేశాం. వోల్టేజి నూట డెబ్బై దగ్గర కొట్టుకుంటోంది. అంతకుముందు మూడొందలు దాటిపోయే గేజి ముల్లు రెండొందల దగ్గర ఆగింది, అక్కడే నిలబడింది. ఒంటిగంట, రెండు, మూడు. కంప్రెసర్ ఆగలేదు. మూడున్నరకు సుజాత తడిచీర విప్పి మడతపెట్టి మంచం కోడు మీద వేసింది.

"నువ్వు ఛాయ్ తాగొచ్చు" అని నాకు పర్మిషన్ ఇచ్చింది.

నా జోకు

ఆ వారం రోజులూ చౌరస్తా టీ కొట్టులో నా ఉపన్యాసం వినని మనిషి లేడు. పరకాల బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా చెప్పాను, బస్సు వచ్చేదాకా వాళ్ళకు వేరే దారి లేదు కనుక విన్నారు.

వారం తర్వాత ఊరికే చూసిపోదామని సేటు ఇంటికి పోయాను. రుక్కమ్మవ్వ బాయి గట్టు మీద కూర్చుని ఉంది.

"బిడ్డా, బాయి నీళ్ళు జర ఉడుకుగున్నయ్."

"ఎండకాలం గదా అవ్వా" అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "ఇంకో నెల ఆగు, ఛాయ్‌పత్తి ఏస్తె చాలు, బాయిలకెళ్ళి సీదా ఛాయే తోడుకోవచ్చు."

అందరూ నవ్వారు. సుజాత మంచం మీద దొర్లి నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు, చెంబు తీసుకుని లోపలికి పోయింది. నేను పైపు మీద చెయ్యి కూడా పెట్టకుండా వచ్చేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి భూషణం సేటు మా దుకాణం ముందు రిక్షా దిగాడు. బిడ్డకోసం మండుటెండలో చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడని తర్వాత బజారంతా చెప్పుకున్నారు. నిజానికి రిక్షాలో వచ్చాడు, ఒక కాలికి చెప్పు ఉంది. లోపలికి వస్తూనే అన్నాడు.

"మెషిన్ ఆగింది. పిల్లకు జరం."

పోయేసరికి గది కుంపటిలా ఉంది. అనసూయమ్మ తడిచీర మార్చి మార్చి చుడుతోంది. సుజాత కళ్ళు సగం తెరిచి ఉంది, నన్ను చూసింది గానీ ఏమీ అనలేదు. ఆ పిల్ల ఏమీ అనకపోవడమే నన్ను భయపెట్టింది.

గేజి తగిలించాను. ముల్లు మూడొందల పైన. సబ్బునురగ పూసి లీకు చూశాను, లేదు. కండెన్సర్ పైపులో బురద పట్టిందేమోనని విప్పాను, శుభ్రంగా ఉంది. స్టెబిలైజర్ మార్చాను. గంట గడిచింది. "గ్యాస్ ఎక్కువైనట్టున్నది సేటూ" అన్నాను. ఉస్తాద్ గ్యాస్ తక్కువనేవాడు, నేను డిప్లొమావాణ్ణి కనుక ఎక్కువన్నాను. రెండింటి అర్థం ఒకటే, నాకు తెల్వదు.

అవ్వ వచ్చి గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. గటగటా తాగేశాను.

"ఎట్లున్నయ్ నీళ్ళు?"

"మంచిగున్నయ్ అవ్వా."

"మంచిగ గాదు. సక్కగ తాగు." ఇంకో గ్లాసు ముంచి ఇచ్చింది. "నాలుగు దినాల సంది మొత్తుకుంటాన. నవ్వినవ్. బాయికి జరం వచ్చింది బిడ్డా."

నోట్లో నీళ్ళు స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి. గది వేడినంతా పదకొండు రోజులుగా ఆ బాయిలోనే దించుతున్నాను. పైగా ఎండలకు బాయిలో నీళ్ళు సగానికి పడిపోయాయి. ఖాళీ లారీ అనుకున్నదాన్ని నేనే నింపేశాను. లారీ నిండిందని ఒకావిడ చెప్తే జోకు వేశాను.

మీరు ఈ పనిలోకి వస్తున్నారు గనుక చెప్తున్నా. గేజీలు, థర్మామీటర్లు కొనుక్కోండి, మంచివే కొనుక్కోండి. కానీ ఆ నీళ్ళను అరవై ఏళ్ళుగా తాగుతున్న మనిషి మాట వాటికన్నా ముందు వినండి. ఆవిడ చెప్పిన రోజు పైపు మీద చెయ్యి పెట్టి ఉంటే ఆ పిల్లకు ఆ జ్వరం వచ్చేది కాదు. నా బతుకులో చాలా జోకులు వేశాను, చాలావరకు పేలలేదు. అది ఒక్కటే బాగా పేలింది.

తిరుగు పైపు కొసను బాయిలోంచి పీకి మోరీలోకి మళ్ళించాను. కానీ బాయి అప్పటికప్పుడు చల్లబడదు. రిక్షాలో ఐసు ఫ్యాక్టరీకి పోయి రెండు దిమ్మలు గోనెసంచుల్లో చుట్టి తెచ్చి, టేబుల్ ఫ్యాన్ ముందు గంగాళంలో పెట్టాం. అంత గొప్ప విద్య ఆరోజు ఐసుగడ్డకూ టేబుల్ ఫ్యాన్‌కూ వచ్చి ఆగింది. పొద్దుగూకేసరికి జ్వరం దిగింది. సుజాత గంగాళం వైపు చూసి, "గిదే మొదటి దినం తెస్తే అయిపోవు గదా" అంది. ప్రాణం లేచొచ్చింది, నాకు.

లాయరు పాస్ చేసిన డిజైన్

రోజూ ఐసు మోయించడం కుదరదు. మోరీలోకి వదిలితే బాయి వారంలో అడుగంటుతుంది, మే నెల ఇంకా మొదలే కాలేదు. నీళ్ళు ఇంకెక్కడో పోసి, అవి నేలలో చల్లబడి తిరిగి రావాలి. ఇంకో బాయి కావాలి.

ఇంకో బాయి గోడ అవతలే ఉంది. అది ఇత్తడి సామాన్ల రాజలింగం వాళ్ళది. లోతు తక్కువ, ఉగాదికే ఎండిపోయింది. ఆ గోడ ఎవరిదన్న దాని మీద భూషణం సేటుకూ రాజలింగానికీ తొమ్మిదేళ్ళుగా కోర్టు కేసు నడుస్తోంది. రెండిళ్ళ మధ్య మాటల్లేవు. పండుగకు పప్పన్నం వాసన కూడా అటునుంచి ఇటు రానియ్యకుండా కిటికీ మూసుకునేవాళ్ళు.

ఇంటి ముందే ఉన్న రాజలింగం దుకాణానికి నేనే పోయాను.

"రాజలింగం కాకా, మీ బాయి నేను నింపుత."

"ఎవని నీళ్ళతోటి?"

"భూషణం సేటు ఇంటియి."

చేతిలో ఉన్న బిందెను బోర్లించాడు. "ఆళ్ళ నీళ్ళు మేం ముట్టం."

"కాకా, రెండు బాయిల నడుమ ఇరవై అడుగులు లేదు. కింద నీళ్ళకు గోడ కనవడ్తదా? ఇన్నేండ్ల సంది మీరు తాగేటియి సగం ఆళ్ళయే."

"పరాచికాలాడ్తానవా నాతోటి?"

లోపలినుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "ట్యాంకర్ కాడ బిందె వట్టుకొని రోజు నిలవడేది నువ్వా నేనా? నింపనియ్యి ఆ పిలగాన్ని!"

రాజలింగం బిందెను మళ్ళీ నిలబెట్టాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"పొల్లకు ఎట్లున్నది?"

"జరం దిగింది కాకా. మళ్ళ ఎక్కితే ఏమైతదో డాక్టరమ్మకే తెల్వదట."

"సరే. ఒక్క మాట. గోడకు బొక్క వెట్టద్దు. పైపు గోడకు తాకద్దు. తాకిందనుకో, రేపు భూషణం కోర్టుల గోడ మాదే, గందుకే పైపు ఏసినం అంటడు."

సంతోషంగా వచ్చి భూషణం సేటుకు చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"పైపు గోడకు తాకొద్దు తమ్మీ. తాకితే గోడ ఆయనదని ఒప్పుకొని పర్మిషన్ అడిగినట్టయితది."

తొమ్మిదేళ్ళలో ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉండడం అదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ చెప్పలేదు, చెబితే మాట మార్చుకునేవాళ్ళు.

గోడకు ఇటొకటి అటొకటి వెదురుబొంగులు పాతి, వాటి మీదుగా పైపును ఒంటె మెడలా గోడపైనుంచి దాటించాను. గోడకూ పైపుకూ మధ్య జానెడు ఖాళీ. రాజలింగం తరఫు లాయరు టేపు పట్టుకుని వచ్చి కొలిచాడు. తర్వాత భూషణం సేటు లాయరు వచ్చి అదే జానెడు మళ్ళీ కొలిచాడు. ఇంజనీర్లు పాస్ చేసిన ప్లాంట్లు చాలా చూశాను. ఇద్దరు ప్రత్యర్థి లాయర్లు పాస్ చేసింది మాత్రం అది ఒక్కటే.

ఇటు బాయిలో తోడిన నీళ్ళు గదిలో వేడి ఎత్తుకుని అటు బాయిలో పడేవి. అక్కడినుంచి భూమిలో ఇంకి, గోడ కిందినుంచి మెల్లగా నడుచుకుంటూ, దారిలో చల్లబడి ఇటు బాయిలోకి వచ్చేవి. ఐదో రోజుకు రుక్కమ్మవ్వ చెంబు ముంచి తాగి, నాలుక చప్పరించి, "జరం దిగింది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. నేను కూడా గ్లాసు అడిగి తాగాను, ఈసారి మెల్లగా.

కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన ఇది చూడ్డానికి వచ్చాడు. మనుషులు మాట్లాడుకోకపోయినా గోడ కింద నీళ్ళు కలిసే ఉన్నాయి, ఇందులో గొప్ప నీతి ఉందని కళ్ళు తుడుచుకున్నాడు. నీతి లేదండీ, మొరం ఉంది అని చెప్పాను. అక్కడ ఆ గులకమట్టి బదులు గట్టి రాయి తగిలి ఉంటే నీళ్ళు కలిసేవి కావు. కేసు మరో ఆరేళ్ళు నడిచింది. ఎవరు గెలిచారో గుర్తులేదు, అప్పటికి ఆ గోడ ఒక వానకు కూలిపోయింది.

ఒక మధ్యాహ్నం

ఆ తర్వాతి చలికాలం అదే మెషిన్‌ను తిరగేసి నడిపాను. నాలుగు చేతివాల్వ్‌లు పెట్టి గ్యాస్ దారి మార్చితే, అది బాయి నీళ్ళలోంచి వేడి లాగి గదిలో దించింది. హమాలీ అదే, బస్తా అదే, మోసే దిక్కు మారింది. అవ్వ మోకాళ్ళ నొప్పులకు ఆ గదిలోనే పడుకునేది. రాజలింగం భార్య మాత్రం ఇప్పుడు వచ్చే నీళ్ళు మంచులా ఉన్నాయని గోడ మీదుగా నన్ను తిట్టేది. గోడ మీదుగా తిట్టడానికి కోర్టు అభ్యంతరం లేనట్టుంది.

మీరు కాగితంలో చూపించింది ఇదే. మీ పైపులు నావాటికన్నా మంచివి, మీ లెక్కలు నావాటికన్నా ముందే వేస్తారు. నేను బాయి వేడెక్కాక వేశాను. అయినా నేను గర్వపడుతున్నాను, ఇందులో దాపరికమేమీ లేదు. ఈ పనిలో మనం చేసింది ఎవరికీ కనిపించదు. బాగా చేస్తే గదిలో మనిషికి మనం గుర్తే రాకూడదు.

ఆ మొదటి ఎండాకాలమే, మే నెల చివర్లో రోహిణి కార్తె మండుతుండగా, ఒకరోజు మధ్యాహ్నం నేను వాకిట్లో మోటరుకు గ్రీసు పెడుతున్నాను. బయట కాకి కూడా లేదు. బాయి గట్టు మీద చెయ్యి పెడితే కాలుతోంది. అనసూయమ్మ వసారాలో పీట వేసుకుని కూర్చుని అన్నం తింటోంది. లోపలినుంచి సుజాత గొంతు వినిపించింది.

"అమ్మా, సలి వెడ్తాంది. దుప్పటి ఇయ్యి."

అనసూయమ్మ ముద్ద చేతిలోనే ఆపేసింది. పిల్ల మళ్ళీ అడిగింది, ఈసారి విసుగ్గా. ఆ ఇంట్లో ఆ కాలంలో ఆ మాట ఎవరూ విని ఉండలేదు. దుప్పట్లు ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తులేదు. భూషణం సేటు అటకెక్కాడు. అవ్వ పెట్టెలన్నీ తెరిపించింది. చివరికి కలరా ఉండల వాసన కొట్టే దుప్పటి ఒకటి దొరికింది. ముగ్గురూ కలిసి కప్పారు, ఒక్క పిల్లకు. కప్పి అక్కడే నిలబడ్డారు.

నేను చేతులు తుడుచుకుని లోపలికి పోయి ఏసీ ముందువైపు జాలీ దగ్గర చెయ్యి పెట్టాను. గది ఉండాల్సినదానికన్నా చాలా చల్లగా ఉంది. థర్మోస్టాట్ ఇరుక్కుపోయింది, మెషిన్ ఆగాల్సిన చోట ఆగట్లేదు. బిగించింది నేనే, తప్పు నాదే. రెండు నిమిషాల పని, స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది.

సాయంత్రం దాకా దాన్ని జేబులోంచి తీయలేదు.